కూలెంటు సీసా మీద ఎర్ర గీత

లింగమూర్తి దొంగ అని నాకు తెలిసింది ఒక మంగళవారం పొద్దున ఆరుంబావుకు. తెలిసిందంటే, తెలిసిందని అనుకున్నాను. ఆ రెంటికీ తేడా తెలియడానికి తర్వాత ఒక రబ్బరు పైపు పగలాల్సి వచ్చింది.

రెండువేల ఇరవై ఒకటి, ఏప్రిల్ ఆఖరు. కరోనా మొదటిసారి చుట్టంలా వచ్చి రెండోసారి చుట్టుముట్టిన రోజులు. మగ్గాలు ఆగిపోయాక బతుకుబండి నడవడానికి మేమిద్దరం నిజంగానే ఒక బండి కొన్నాం. పాత తెల్లకారు. కారుచౌకగా వచ్చింది. కారుచౌక అంటే కారొక్కటే చౌక, దానికి పోసేవీ తొడిగేవీ అన్నీ ప్రియం అని కొన్నాక అర్థమైంది.

పొద్దున ఆరు నుంచి ఒంటిగంట దాకా నా పాళీ. పాళీ అంటే సూరత్‌లో షిఫ్టు. మేముండే శివారు పేట ఉన్‌లోని నర్సమ్మలను ఊళ్లో ఆసుపత్రికి చేర్చి, డ్యూటీ దిగినవాళ్లను వెనక్కి తేవడం నా పని. ఒంటిగంట నుంచి కర్ఫ్యూ వేళ దాకా లింగమూర్తి పాళీ. పర్వత్ పాటియా వైపు, గదిలో ఒంటరిగా పడున్న రోగుల గుమ్మాల ముందు టిఫిన్ డబ్బాలు పెట్టి రావడం అతని పని. రాత్రికి కారు అతని ఇంటి ముందు పడుకుంటుంది. నేను రెండు గల్లీలవతల పడుకుంటాను.

అంతకుముందు పద్నాలుగేళ్లు మేం ఒకే మగ్గాల మీద పనిచేశాం. ఒకే మగ్గాల మీదే గానీ ఒక్కనాడూ కలిసి కాదు. అతను పగలైతే నేను రాత్రి, నేను పగలైతే అతను రాత్రి. పాళీ మారేటప్పుడు బట్ట మీద ఎర్ర సుద్దతో గీత గీసేవాళ్లం. ఇక్కడిదాకా నాది, ఇక్కణ్ణుంచి నీది. చమురు డబ్బా మీద కూడా గీతే. నమ్మకం లేక కాదు. గీత ఉంటే నమ్మకంతో పని పడదు గదా, అందుకు.

ఇంకో సంగతి. తెగిన పోగును ఎవరు ముడేశారో మా వాళ్లు చూసి చెప్పేస్తారు. చేతిరాతలాగే చేతిముడి. నా ముడి ఎడమకు తిరుగుతుంది, పైన చిన్న చెవి మిగులుతుంది. "బావా, నీ ముడికి జర క్షవరం చేయించరాదు?" అని లింగమూర్తి ఎకసెక్కం. నేనతనికి బావను, అతను నాకు బావే. ఎవరి చెల్లెలు ఎవరి భార్య అని అడక్కండి. సూరత్‌లో చుట్టరికాలు మగ్గాల దగ్గర పుడతాయి.

కారు విషయంలో మా మధ్య ఒకే ఒక్క షరతు. లింగమూర్తి కూతురు శ్రీప్రియకు నెలలు నిండాయి. అల్లుడికి పాజిటివ్ వచ్చి వేరే గదిలో ఉన్నాడు. ఆ రోజుల్లో అంబులెన్సు దొరకడమంటే లాటరీ తగలడమే. అందుకని నొప్పులు ఏ పాళీలో వచ్చినా సరే, ఆ నిమిషం నుంచి కారు శ్రీప్రియది. పెళ్లిలో ప్రమాణం చేసినంత గట్టిగా ఒప్పుకున్నాను.

ఇక దానికి ముందురోజు, సోమవారం. బానెట్ ఎత్తితే ఒక పక్కన పాలరంగు ప్లాస్టిక్ సీసా ఉంటుంది. అందులో చిలకపచ్చ నీళ్లు, దాని పేరు కూలెంటు. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు మెకానిక్ "కూలెంత?" అని బేరం అడుగుతున్నాడనుకుని పొంగిపోయాను. ఆదివారం ఒంటిగంటకు కారప్పగించేటప్పుడు, పాత అలవాటు కొద్దీ, ఆ పచ్చనీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ ఎర్ర సుద్దతో గీత గీశాను. సోమవారం పొద్దున చూస్తే నీళ్లు గీతకు రెండువేళ్లు కింద ఉన్నాయి.

కారు తాగిందేమో అనుకున్నాను. నిండా పోసి, ఒంటిగంటకు మళ్లీ గీశాను. మంగళవారం పొద్దున మళ్లీ రెండువేళ్లు దిగింది. నా పాళీలో చుక్క తగ్గదు, తగ్గకపోగా పెరుగుతుంది. అతని పాళీ అయ్యి తెల్లారేసరికి మాయం. పెరిగేది నా చేతిలో, తరిగేది అతని చేతిలో. ఇంకేం సాక్ష్యం కావాలి?

అయినా దొరికింది. కారు కింద నేల మీద కొత్తగా ఇసుక చల్లి ఉంది. కాలితో గీకి చూస్తే ఇసుక కింద పచ్చటి మరక. మనిషి దొంగతనం చేస్తే చెయ్యనీ, ఒలకబోసుకోవడమేంటి? ఒలకబోస్తే పొయ్యనీ, పైన ఇసుక కప్పడమేంటి? తలెత్తి చూశాను. లింగమూర్తి ఇంటి కిటికీలో, ఊచల వెనక, పెద్ద గాజుసీసా. అందులో సగానికి పైగా పచ్చటి ద్రవం. నా అనుమానానికి అంతదాకా కాళ్లే ఉన్నాయి. ఆ సీసా చూశాక రెక్కలొచ్చాయి.

ఇంటికొచ్చి మా విజయరాణికి చెప్పాను.

"గా పచ్చనీళ్లు దొంగిలించి లింగన్న ఏం జేసుకుంటడయ్యా? పులుసు పెట్టుకుంటడా?"

"ఇంకో కారోనికి అమ్ముకుంటడు."

"ఇంకో కారోడు నీలెక్క సీసాకు బొట్టు పెట్టుకుంట కూసుంటడా? పద్నాలుగేండ్లు నీ మగ్గం మీద ఒక్క పోగు తక్కువ చెయ్యని మనిషి. ఆడ లేని దొంగబుద్ధి ఈడెట్ల అంటుకుంటది?"

"ఈ యేడు అన్నీ అంటుకుంటున్నయ్."

"నీకు అంటుకుంది గద, గది చాలు," అని ఆవిడ పప్పు రుబ్బుకోవడానికి వెళ్లిపోయింది.

బుధవారం పొద్దున తాళంచెవి కోసం వెళ్తే లింగమూర్తే గుమ్మంలో ఉన్నాడు. ఆరడుగుల దూరంలో, మాస్కులో.

"ఏం బావా, గాడి మంచిగ నడుస్తుందా?"

"నడుస్తుంది. తాగుతుంది గూడ."

"ఏంది?"

"నీళ్లు."

మాస్కు పైన అతని కళ్లు ఒక్కసారి చిన్నవయ్యాయి. మాస్కులొచ్చాక మనిషి ముఖంలో మిగిలినవి కళ్లే, అవి కూడా దాక్కుంటే ఇక ఎక్కడని వెతకడం?

"ఎండలు గద, తాగుతది," అన్నాడు. "గంతే. కారుకేం గాలె. ఇప్పుడు జర అమ్ముడు గిమ్ముడు ముచ్చట తేకు బావా."

అమ్మడం మాట నేనెత్తనే లేదు. నీళ్లంటే నీళ్ల గురించి మాట్లాడాలి గానీ అమ్మకం గురించి ఎందుకు మాట్లాడాడు? లోపల ఏదో ఉంది. వెనక నుంచి వాళ్లావిడ బుచ్చవ్వ, "అన్నా, పచ్చది జర తాగిపోతవా? మంచిది పానానికి," అని కేకేసింది. తాగిపోతవా అంటుందేంటి? సాక్ష్యాన్ని నా చేతే మింగించే ఎత్తు కాదు గదా! "పని ఉందవ్వా" అని కారెక్కాను.

దారంతా ఆలోచించాను. ఆ సీసా దగ్గర్నుంచి సన్నటి రబ్బరు గొట్టం ఒకటి ముందుకు వెళ్తుంది, రేడియేటర్ మూత దగ్గరికి. కిరోసిన్ పీపాలోంచి గొట్టంతో నోటితో లాగడం మనం చూడనిదా? ఆ గొట్టం ఊడదీసి, సీసాలోంచి లాగేసి, మళ్లీ తగిలిస్తున్నాడు. అదే కిటుకు. ఒంటిగంటకు, కారు అప్పగించే ముందు, సెగలు కక్కుతున్న బానెట్‌లోకి వంగి, పోలిస్టర్ నూలు మూడు పేటలు కలిపి ఆ సన్న గొట్టాన్ని బిగించి కట్టేశాను. మగ్గం ముడి. దారం కుళ్లాలి గానీ ముడి జారదు. ఇక గొట్టంలోంచి గాలి కూడా పోదు. ఎప్పట్లాగే సీసా మీద గీత గీశాను.

గురువారం పొద్దున బానెట్ ఎత్తేటప్పుడు నా గుండె ఇంజిను కన్నా ముందే స్టార్టయింది. నీళ్లు గీత మీదే ఉన్నాయి! వెంట్రుకంత కూడా తగ్గలేదు. శుక్రవారమూ అంతే. అంటే, దారి మూసేసరికి దొంగతనం ఆగిపోయింది. ఆగిపోయిందంటే జరిగిందనే గదా. విజయరాణికి విజయగర్వంతో చెప్పాను. ఆవిడ నా వంక చూసి, "నువ్వు కట్టేసింది గొట్టానికా, లింగన్న గొంతుకా?" అంది. గెలిచినవాడు వాదించడు.

శనివారం పదిన్నరకు ఫోన్.

"బావా, బిడ్డకు నొప్పులు మొదలైనయ్. అంబులెన్సుకు చేస్తే లైను కలుస్తలేదు. జల్దీ రా."

దొంగతనం సంగతి కాన్పయ్యాక తేల్చుకుందాం అని పక్కన పెట్టి వెళ్లాను. శ్రీప్రియ వెనక సీట్లో, పక్కన బుచ్చవ్వ ఒళ్లో సంచి పెట్టుకుని, ముందు సీట్లో లింగమూర్తి. ఎండ నెత్తిన నిప్పులు చెరుగుతోంది. పిల్లకు చల్లగా ఉండాలని ఏసీ నిండా పెట్టాను. సచిన్ రోడ్డెక్కేదాకా బాగానే ఉంది. పాండేసరా దగ్గర బారికేడ్. ముందు ముప్పై బండ్లు. పోలీసాయన ఒక్కొక్క కాగితం చదువుతున్నాడు. ఇంజిను ఆపితే ఏసీ ఆగుతుంది. ఆపలేదు. డాష్‌బోర్డు మీద వేడి చూపించే ముల్లు నెమ్మదిగా లేచింది. ఆ ముల్లు లేవడం చూస్తుంటే నా ఒళ్లంతా ముళ్లు లేచాయి.

బారికేడ్ దాటి, వడోద్ మలుపు ఇంకా రాకముందే, బానెట్ లోపల 'ఫట్' మంది. ముందంతా తెల్లటి ఆవిరి.

"మామా," అని వెనకనుంచి శ్రీప్రియ పళ్లు బిగబట్టి అంది, "ఆ గాడీ ఛే కే కుకర్? ఇది బండా, కుక్కరా? ఒక సీటీ కొట్టింది. ఇంకెన్ని సీటీలకు దింపుతవ్?"

నేను దూకి బానెట్ ఎత్తి రేడియేటర్ మూత మీద చెయ్యేయబోయాను. లింగమూర్తి నా మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. "చేతులున్నయ్ గద, ఉండనీ. మసిలే నీళ్లు ముఖానికి కొడ్తయ్." ఆవిరి తగ్గేదాకా ఇద్దరం నిలబడ్డాం. పై పైపు, రేడియేటర్‌కూ ఇంజినుకూ మధ్య ఉండే లావుపాటి రబ్బరుది, వేలెడు పొడవున చీలింది. లింగమూర్తి ఇంకొంచెం వంగాడు. అతని చూపు ఆ సన్న గొట్టం మీద ఆగింది.

మూడు పేటల నూలు. ఎడమకు తిరిగిన ముడి. పైన చిన్న చెవి.

చాలాసేపు చూశాడు. నా వైపు చూడలేదు. అది ఎంత సేపంటే, వెనక శ్రీప్రియకు ఒక నొప్పి వచ్చి, పోయింది.

తర్వాత ఫోన్ తీసి మా మెకానిక్ హస్‌ముఖ్ భాయ్‌కి వీడియో కాల్ చేసి, ఇంజిను మీదుగా తిప్పి చూపించాడు. హస్‌ముఖ్ అంటే నవ్వుముఖం అని అర్థం. ఆ రోజు ఫోన్‌లో ముఖమంతా మాస్కే. ఆయన గుజరాతీలో హిందీ కలిపి చెప్పిందాన్ని నా తెలుగులోకి దింపుతున్నాను.

"ఇంజిను చుట్టూ సందులున్నాయి, వాటిలో కూలెంటు తిరుగుతుంది. తిప్పేది పంపు. ఇంజిను చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ అనే తలుపు మూసి ఉంటుంది. వేడెక్కితే తెరుచుకుంటుంది." (నాకది ధర్మోస్టాట్ అని వినబడింది. అడిగినవాడికి కాదు, కాలినవాడికి తలుపు తీసే ధర్మాత్ముడు.) "అప్పుడు వేడినీళ్లు పైపులోంచి రేడియేటర్‌కు వెళ్లి, సన్నటి రేకుల మధ్య గాలికి చల్లబడి, మళ్లీ ఇంజినుకు వస్తాయి. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి కదా? ఆ ఉబ్బు ఎక్కడికి పోవాలి? మూతలో స్ప్రింగు లేచి, సన్న గొట్టంలోంచి సీసాలోకి పోతుంది. అందుకే బండి నడిచాక సీసాలో మట్టం ఎక్కువ కనబడుతుంది. చల్లారాక ఇంజిను దాన్నే వెనక్కి పీల్చుకుంటుంది. పొద్దున్నే మట్టం తక్కువ. వదలడం, పీల్చడం. ఊపిరి భాయ్, ఊపిరి."

రోడ్డు మీద ఎండలో నిలబడి నేను చల్లగా చెమటలు కక్కాను. నా గీత వేడి గీత. నేను చూసింది చల్లారిన మట్టం. దొంగ లింగమూర్తి కాదు, రాత్రి.

"ఆ ఊపిరిగొట్టానికి ఎవరో ఉరేశారు," అన్నాడు హస్‌ముఖ్ భాయ్. "చల్లారినప్పుడల్లా పీల్చుకోవడానికి ఏమీ లేక, ఇంజిను తన పైపును తనే లోపలికి పీల్చి నలిపేసుకుంది. పాత రబ్బరు, రెండు మూడు రోజులకు పగుళ్లు పట్టింది. గాలి దూరింది. ఇవ్వాళ ఆగినచోట ఉడికేసరికి పగిలింది. ఏ గాడిద కట్టాడు దాన్ని?"

స్పీకర్ మోగుతోంది. బుచ్చవ్వ వింటోంది. శ్రీప్రియ వింటోంది.

"ముందున్న ఓనర్ కట్టిండేమో, భాయ్," అన్నాడు లింగమూర్తి.

జేబులోంచి పోగులు కత్తిరించే చిన్న కత్తెర తీశాడు. మగ్గం పోయి ఏడాదైనా ఆ జేబులోంచి కత్తెర పోలేదు. ముడిని మాత్రం కత్తిరించకుండా, ముడికి పక్కన దారం తెంపాడు. ముడిని జేబులో వేసుకున్నాడు. గొట్టాన్ని వేళ్లతో నలిపి తెరిచాడు.

తర్వాత హస్‌ముఖ్ భాయ్ చెప్పింది చెప్పినట్టు చేశాం. డాష్‌బోర్డు అరలో నర్సమ్మలు మిగిల్చిన రబ్బరు గ్లౌజులున్నాయి. వాటిని పట్టీలుగా కోసి చీలిక మీద ఒకదానిపై ఒకటి చుట్టాం. వాటి మీద నా దగ్గర మిగిలిన నూలు. ఒక కొస అతను పట్టుకున్నాడు, నేను చుట్టాను. పద్నాలుగేళ్లలో ఒకే పాళీలో కలిసి పనిచెయ్యడం అదే మొదలు. ఆఖరి ముడి దగ్గర ఆగాను.

"వెయ్యి," అన్నాడు. "నీదే జారదు."

ఇంజిను చల్లారే దాకా నీళ్లు పొయ్యొద్దన్నాడు మెకానిక్, లేకపోతే అదీ పగులుతుందట. ఇరవై నిమిషాలు. శ్రీప్రియ నొప్పులు లెక్కపెడుతోంది, నేను పాపాలు. వడోద్ గల్లీలోంచి ఎవరో ఒకాయన బకెట్ నిండా నీళ్లు తెచ్చి, మాకు పది అడుగుల దూరంలో పెట్టి, దూరం నుంచే దండం పెట్టి వెళ్లాడు. అప్పుడే బుచ్చవ్వ సంచిలోంచి ఒక సీసా పైకి తీసింది. అదే పచ్చ సీసా.

"అవ్వా, గది..."

"తిప్పతీగ కషాయమన్నా. కరోనా రాకుంట బిడ్డకు రోజు తాగిస్తున్న. మొన్న నీకు తాగుమంటె ఉరికినవ్. ముఖమెట్లనో ఉంది నీది, ఇగో తాగు."

తాగాను. ఎంత చేదంటే, నాకు కావాల్సినంత.

నీళ్లు పోశాం. మూతను పూర్తిగా బిగించకుండా వదులుగా పెట్టమన్నాడు, లోపల ఒత్తిడి లేవకుండా. ఏసీ ఆపి హీటర్ నిండా పెట్టమన్నాడు. హీటర్ కూడా ఒక బుల్లి రేడియేటరేనట, ఇంజిను వేడిని కారులోకి తోడేస్తుందట. సూరత్ ఎండలో, నిండుచూలాలిని కూర్చోబెట్టుకుని, హీటర్ పెట్టుకుని వెళ్లిన కారు మాదొక్కటే అయ్యుంటుంది. అద్దాలన్నీ దించాం. శ్రీప్రియ తిట్టిన తిట్లు మూడు భాషల్లో ఉన్నాయి. కారుకూతలంటే అవీ. ముల్లు సగం దగ్గర ఊగుతూ నిలబడింది. నాలుగు చోట్ల ఆగి నీళ్లు పోశాం. చుట్టిన చోట చుక్కలు కారాయి గానీ ముడి జారలేదు.

ఒంటిగంటకు పది నిమిషాలుందనగా ఆసుపత్రి గేటు దాటాం. ఇంకా నా పాళీయే.

సాయంత్రం నాలుగింటికి ఆడపిల్ల. తల్లీబిడ్డ క్షేమం. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ప్రహరీ పక్కన నీడలో ఇద్దరం కూర్చున్నాం, మధ్యలో ఆరడుగులు. లింగమూర్తి జేబులోంచి ముడి తీసి మా మధ్య గట్టు మీద పెట్టాడు.

"నేనేం తీసిన అనుకున్నవ్ బావా?"

చెప్పాను. గీత, మరక, ఇసుక, కిటికీలో సీసా, అమ్ముడు ముచ్చట, అన్నీ. చెబుతుంటే నాకే ఒక్కొక్కటి ఎంత తేలిపోతోందో తెలుస్తోంది.

"ఇసుక నేనే పోసిన," అన్నాడు. "పొద్దుగాల లేస్తె కారు కింద పచ్చటి మడుగు. కారు కారుతుంది, నువ్వు జూస్తివా, 'గీ డొక్కు నాకొద్దు, అమ్మేద్దాం' అంటవని భయం. బిడ్డ కాన్పయ్యేదాక అయినా దాచిపెడ్దామని కప్పిన."

"అది కారింది కాదు బావా. పొద్దున ఇంజిను చల్లగున్నప్పుడు నేను నిండా పోసేటోణ్ణి. వేడెక్కి ఉబ్బి బయటకు పొర్లేది."

"అంటే, నువ్వు పోసుడు, నేను కప్పుడు."

"నువ్వు కప్పుడు, నేను అనుమానపడుడు."

నవ్వుతాడేమో అని చూశాను. మాస్కు కదల్లేదు.

"ఫోన్ల నీ పేరు ఎందుకు చెప్పలేదో ఎరుకేనా?" అన్నాడు. "బిడ్డ వెనక ఉంది. దాని పానం నీ చేతిల ఉన్నప్పుడు నిన్ను నమ్మకుంట ఉండొద్దని. నీ కోసం కాదు."

గట్టు మీది ముడిని తీసి నా జేబులో వేసుకున్నాను.

ఇరవై ఒకటో రోజు వాళ్లింట్లో ఉయ్యాల. నలుగురమే. బుచ్చవ్వ పాత చీర మడిచి పట్టుకుంది. పైన దూలానికి వేసిన ఇనుప కడ్డీకి కట్టాలి. లింగమూర్తి చీర కొసలు నా చేతికిచ్చాడు.

"కట్టు బావా."

"నేనా?"

"నీ ముడి ఎసొంటిదో నాకంటె ఎవరికెరుక?"

స్టూలెక్కి కట్టాను. ఎడమకు తిప్పి, బిగించి, పైన చిన్న చెవి మిగిల్చి. దిగాను. బుచ్చవ్వ పాపను పడుకోబెట్టబోతుంటే లింగమూర్తి ఆగమన్నాడు. ముందుకొచ్చి చీరను రెండు చేతులా పట్టుకుని ఒకసారి గుంజాడు. రెండోసారి తన బరువంతా వేసి వేలాడాడు. నా వైపు చూసి, మూడోసారి కూడా గుంజాడు.

ఆ మూడోది నాకు రావలసిందే.